నెపం నీళ్ళ మీద

హాట్ టబ్ చెడిపోయినప్పుడు కొన్నవారికీ కంపెనీకీ మధ్య నడిచే తగాదాలో, అది చెడిపోయిందా లేదా అన్న ప్రశ్న దాదాపుగా తలెత్తదు. హీటరు కాలిపోయిందంటే టెక్నీషియన్ కూడా కాదనడు. అక్రిలిక్ తొట్టి మీద బొబ్బలు లేస్తే అవి ఎవరి కంటికైనా కనిపిస్తాయి. గొడవంతా ఆ తరవాత వచ్చే ఒక్క మాట దగ్గర మొదలవుతుంది: ఎందువల్ల? తయారీలో లోపం వల్లనైతే ఖర్చు కంపెనీది, నీళ్ళను సరిగా చూసుకోకపోవడం వల్లనైతే ఇంటివారిది. వారంటీ కాగితం ఎన్ని పేజీలున్నా డబ్బు ఎవరి జేబులోంచి పోవాలో తేల్చేది ఈ ఒక్క గీతే. ఆ గీత ఎక్కడుందో చూపించాల్సింది ఎవరన్నది మాత్రం కాగితంలో స్పష్టంగా ఉండదు. వారంటీ విలువను అందరూ ఏళ్ళతో కొలుస్తారు. నిజానికి కొలవవలసింది, కారణాన్ని రుజువు చేసే భారం ఎవరి నెత్తిన పెట్టారన్నది. హాట్ టబ్ లాంటి వస్తువులో ఆ భారం అమ్మినవారూ తయారుచేసినవారే మొయ్యాలి. అమెరికా చట్టం ఈ సంగతిని 1975లోనే గుర్తించింది. గుర్తించి కూడా పక్కనే తప్పుకుపోయే సందు ఒకటి వదిలింది.

ముందు వస్తువు సంగతి. మనవాళ్ళు జకూజీ అనే ఈ తొట్టి, ఇటలీ నుంచి వెళ్ళి కాలిఫోర్నియాలో పంపులు తయారుచేస్తూ స్థిరపడిన ఒక కుటుంబం పేరుతో లోకానికి తెలిసింది. 1956లో వాళ్ళు తెచ్చిన జే-300 మామూలు స్నానపు తొట్టిలో దించుకుని వాడే పంపు. 1968లో రాయ్ జకూజీ జెట్‌లను తొట్టి గోడల్లోనే అమర్చాడు. అప్పటి నుంచి మార్పంతా ఒకే వైపు సాగింది: మరిన్ని జెట్‌లు, మరిన్ని పైపులు, మరింత ఎలక్ట్రానిక్స్. ఈనాటి హాట్ టబ్‌లో పైన అక్రిలిక్ పొర, దాని వెనక ఫైబర్‌గ్లాసు, చుట్టూ జిగురుతో అతికించిన డజన్లకొద్దీ పైపు జాయింట్లు, చాలావాటిలో వాటిని పూర్తిగా కప్పేసే ఫోమ్, పక్కన పంపులు, హీటరు, కంట్రోల్ బోర్డు ఉంటాయి. 400 గ్యాలన్ల తొట్టిలో నీళ్ళే 1,500 లీటర్లు, అంటే టన్నున్నర బరువు. ఆ నీళ్ళు క్లోరిన్‌తోనో బ్రోమిన్‌తోనో కలిసి, 40 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి, నెలల తరబడి అదే తొట్టిలో తిరుగుతూ ఉంటాయి. ఇంట్లో మరే పరికరానికీ ఇంత కఠినమైన జీవితం లేదు. పైగా దీన్ని దుకాణానికి మోసుకెళ్ళి ఇచ్చి రాలేం, మరమ్మతు మనిషే పెరట్లోకి రావాలి. లీకు ఎక్కడుందో తెలియాలంటే ఫోమ్ తవ్వాలి. అందుకే విడిభాగం ధరకన్నా కూలీ, రాకపోకల ఖర్చూ ఎక్కువయ్యే సందర్భాలు ఇందులో మామూలు.

వారంటీ కాగితాలు ఈ నిర్మాణాన్నే అనుసరిస్తాయి, కానీ తలకిందులుగా. తొట్టి నిర్మాణానికి ఎక్కువ ఏళ్ళ హామీ ఉంటుంది, పదేళ్ళనీ ఆ పైననీ రాసేవాళ్ళున్నారు. పై పొరకు అంతకన్నా తక్కువ, పైపులకు ఇంకా తక్కువ. పంపు, హీటరు, కంట్రోల్ బోర్డుల దగ్గరకొచ్చేసరికి అది రెండు మూడేళ్ళకో, ఖరీదైన మోడల్ అయితే ఐదేళ్ళకో కుదించుకుపోతుంది. కూలీకి వేరే లెక్క, మూతకూ తల ఆన్చుకునే దిండ్లకూ మరో లెక్క. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే సంఖ్య అన్నిటికన్నా అరుదుగా చెడే భాగానిది. తరచుగా చెడేవి తక్కువ కాలపు వరుసలో ఉంటాయి. ఇందులో మోసం ఉందనను, ఏ వ్యాపారి అయినా ఇలాగే రాస్తాడు. కాకపోతే ఏళ్ళ సంఖ్య చూసి రెండు బ్రాండ్లను పోల్చడం వల్ల తెలిసేది చాలా తక్కువ. మినహాయింపుల పేజీ తిరగేస్తే ఎక్కువ తెలుస్తుంది. ఆ పేజీలో ఏదో ఒక మూల నీళ్ళ గురించిన వాక్యం తప్పక ఉంటుంది: నీటి రసాయన సమతుల్యం సరిగా లేనందువల్ల కలిగిన నష్టానికి ఈ హామీ వర్తించదు.

ఈ వాక్యం పైకి ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. అమెరికాలో వ్యాధుల నియంత్రణ చూసే సీడీసీ, హాట్ టబ్ నీటిలో పీహెచ్ 7.0 నుంచి 7.8 మధ్య ఉండాలనీ, క్లోరిన్ కనీసం 3 పీపీఎం, బ్రోమిన్ అయితే 4 నుంచి 8 పీపీఎం ఉండాలనీ చెబుతుంది. అది మనుషుల ఆరోగ్యం కోసం. యంత్రానికీ అలాంటి హద్దులే ఉన్నాయి. పీహెచ్ బాగా తగ్గితే నీళ్ళు లోహాన్ని తింటాయి. పీహెచ్, కాల్షియం పెరిగితే హీటరు మీద తెల్లటి గార కడుతుంది, వేడి బయటికి పోక ఎలిమెంట్ కాలిపోతుంది. క్లోరిన్ ఎక్కువ వేసి వెంటనే మూత బిగిస్తే ఆ ఆవిరి మూతను, దిండ్లను పాడుచేస్తుంది. ఇవన్నీ నిజాలే. చిక్కేమిటంటే ఈ మినహాయింపు రెండు వైపులా పదునున్న కత్తి. తుప్పు పడితే పీహెచ్ తక్కువైందంటారు, గార పడితే ఎక్కువైందంటారు. ఎనిమిది నెలల కిందటి నీళ్ళు ఎప్పుడో పారబోసి ఉంటారు, వాటి పీహెచ్ ఎంతో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. ఏ తొట్టినైనా రెండేళ్ళు వాడిన తరవాత, ఒక్క రోజు కూడా నీళ్ళు హద్దు దాటలేదని ఏ ఇంటివారూ ప్రమాణం చెయ్యలేరు. ఎదుటివారు ఎప్పటికీ కాదని చూపలేని కారణం ఒకటి చేతిలో ఉన్నవాడు దాన్ని వాడకుండా ఉంటాడనుకోవడం అమాయకత్వం. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంటుంది వ్యవహారం, కాకపోతే ఇక్కడ మద్దెల చేసినవాడే ఆడేవాడి కాళ్ళను తప్పుపడుతున్నాడు.

ఇంకా సూక్ష్మమైన సంగతి ఒకటుంది. నీళ్ళ వల్ల పాడవడం, తయారీవల్ల పాడవడం ఒకదాన్నొకటి కొట్టేసే విషయాలు కావు. టైటానియం హీటరు తుప్పును బాగా తట్టుకుంటుంది, చవక లోహపు ఎలిమెంట్ అంత తట్టుకోదు. ఒకే నీళ్ళలో ఒకటి నిలిచి ఇంకొకటి పోతే అది నీటి దోషమా, లోహాన్ని ఎంచుకున్నవారి దోషమా? జనం నీళ్ళను ప్రయోగశాలలోలా కాపాడరనీ, సెలవులకు ఊరెళ్ళినప్పుడు వారం పదిరోజులు మరిచిపోతారనీ తయారుచేసేవారికి కొన్నవారికన్నా బాగా తెలుసు. మామూలు వాడకంలో వచ్చే మామూలు ఎగుడుదిగుళ్ళను ఓర్చుకోలేని భాగం పెట్టడం కూడా ఒక రకం లోపమే.

ఇక చట్టం. అమెరికాలో లూసియానా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ సరుకుల అమ్మకానికి ఏకరూప వాణిజ్య స్మృతిలోని రెండో భాగాన్ని పాటిస్తాయి. వ్యాపారి అమ్మిన వస్తువు దాని మామూలు పనికి పనికిరావాలన్న హామీ, కాగితం మీద రాయకపోయినా, అందులో ఉంది. అయితే అదే స్మృతిలోని 2-607 సెక్షన్, ఒకసారి సరుకు తీసుకున్నాక లోపం ఉందని చూపించే భారం కొన్నవారిదేనని కచ్చితంగా చెబుతుంది. లోపం తెలిసిన తరవాత తగిన సమయంలో అమ్మినవారికి తెలియజేయకపోతే హక్కే పోతుందనీ అంటుంది. దీని మీద 1975 జనవరి 4న అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం వచ్చింది. రాతపూర్వక హామీ ఇచ్చేవారెవరైనా దాని మీద ఫుల్ అనో లిమిటెడ్ అనో పేరు పెట్టాలన్నది అందులో ఒక నియమం. ఫుల్ వారంటీ అయితే డబ్బు తీసుకోకుండా తగిన వ్యవధిలో బాగుచెయ్యాలి. తగినన్ని సార్లు ప్రయత్నించినా బాగుపడకపోతే వస్తువు మార్చడమో డబ్బు వాపసు ఇవ్వడమో కొన్నవారు కోరుకున్నట్టు చెయ్యాలి. వారంటీ గడువులో ఇల్లు చేతులు మారి తొట్టి కొత్త యజమానికి వస్తే, ఆ హామీ కూడా అతనికి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది 104వ సెక్షన్‌లో ఉంది. వినియోగదారుడి దగ్గర ఉన్నప్పుడు జరిగిన నష్టం వల్లనో, అనుచితమైన వాడకం వల్లనో, అవసరమైన సంరక్షణ చెయ్యకపోవడం వల్లనో లోపం వచ్చిందని హామీదారు చూపించగలిగితేనే అతనికి బాధ్యత తప్పుతుంది. చూపించాల్సింది హామీదారు. ఇంత సూటిగా రాసిన చట్టాలు ఎక్కువ లేవు.

సందు కూడా అక్కడే ఉంది. 104వ సెక్షన్ ఫుల్ వారంటీకే వర్తిస్తుంది. ఫుల్ వారంటీ ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు. కాగితం మీద లిమిటెడ్ అని ఒక్క మాట చేర్చితే ఆ భారమంతా దిగిపోతుంది. హాట్ టబ్ వారంటీల శీర్షికల్లో ఆ మాట ఎంత తరచుగా కనిపిస్తుందో చూసినవారికి, చట్టంలోని అతి మంచి వాక్యం అల్మారాలో పెట్టి తాళం వేసిన నగలా ఎందుకు మిగిలిందో అర్థమవుతుంది. లిమిటెడ్ వారంటీకి కూడా కొన్ని కట్టుబాట్లున్నాయి. రాతపూర్వక హామీ ఇచ్చాక రాయని హామీని పూర్తిగా రద్దు చెయ్యకూడదు, మహా అయితే దాని కాలాన్ని రాసిన హామీ కాలానికి కుదించవచ్చు. తన బ్రాండ్ క్లోరిన్, తన ఫిల్టరే వాడాలని, తన మనిషి చేతే బాగుచేయించాలని షరతు పెట్టకూడదు. బయటి సామాను వల్లనే నష్టం జరిగిందని కంపెనీ చూపగలిగితే ఆ నష్టాన్ని మినహాయించుకోవచ్చంటుంది ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వివరణ. ఇక్కడ కూడా చూపించాల్సింది కంపెనీయే. కంపెనీలు ఇవన్నీ పాటిస్తున్నాయనుకోకూడదు. స్టిక్కర్ చింపితే వారంటీ పోతుందని రాసుకున్న పలు కంపెనీలకు ఆ కమిషన్ 2018లోనూ, మళ్ళీ 2024లోనూ హెచ్చరిక లేఖలు పంపింది.

రుజువు భారం కంపెనీ మీద పెట్టడానికి అన్నిటికన్నా బలమైన అభ్యంతరం ఆర్థికశాస్త్రం నుంచి వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేం. 1981లో యేల్ లా జర్నల్‌లో జార్జ్ ప్రీస్ట్ వారంటీ మీద ఒక సిద్ధాంతం రాశాడు. అంతకుముందు రెండు అభిప్రాయాలు చలామణిలో ఉండేవి. వారంటీ బలవంతుడైన తయారీదారు బలహీనుడైన కొనుగోలుదారు మీద రుద్దే కాగితమని ఒకటి, సరుకు నాణ్యతకు అది గుర్తు అని ఇంకొకటి. ప్రీస్ట్ రెంటినీ పక్కనబెట్టి, వారంటీ ఇద్దరి మధ్య పని పంపకమన్నాడు. ఏ నష్టాన్ని ఎవరు చవగ్గా ఆపగలరో ఆ నష్టం వారి వాటాకు వస్తుంది. మినహాయింపులంటే కొన్నవారే తేలిగ్గా ఆపగలిగిన నష్టాల జాబితా. హాట్ టబ్‌కు ఈ సిద్ధాంతం కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. నీళ్ళలో పీహెచ్ చూడటానికి ఒక చిన్న పట్టీ ముంచితే చాలు, కంపెనీ వచ్చి ప్రతి పెరట్లో ఆ పని చెయ్యలేదు. కాబట్టి నీటి నష్టం ఇంటివారిది కావడం న్యాయమే కాదు, అందరికీ చవక కూడా. దీన్ని కాదంటే జాగ్రత్తగా చూసుకునే ఇల్లు, చూసుకోని ఇంటి ఖర్చు కూడా కట్టాల్సి వస్తుంది.

ఈ వాదనను ఒప్పుకోవాల్సిందే. కానీ అది జవాబిచ్చే ప్రశ్న వేరు. జాగ్రత్త ఎవరు తీసుకోవాలన్నదానికి ప్రీస్ట్ చెప్పింది సరైన జవాబు. జాగ్రత్త తీసుకున్నారో లేదో ఎవరు రుజువు చెయ్యాలన్నది రెండో ప్రశ్న, దానికీ ఆయన కొలబద్దనే పెడితే ఫలితం తారుమారవుతుంది. రుజువును ఎవరు చవగ్గా తేగలరు? కాలిపోయిన ఎలిమెంట్‌ను కోసి లోపల గార పేరుకుందో, లోహం తినేసిందో, వైరింగు దగ్గరే మాడిందో చూడగల నిపుణులూ పరికరాలూ కంపెనీకి ఉన్నాయి. ఇలాంటివే ఎన్ని తొట్లలో ఇదే భాగం పోయిందో లెక్కలు దాని దగ్గరే ఉంటాయి, ఇంటివారికి తమ ఒక్క తొట్టి సంగతే తెలుసు. నీటి వేడి, ప్రవాహం తగ్గడం, హీటరు ఎండిపోవడం వంటివి కంట్రోల్ బోర్డు ఇప్పటికే కనిపెడుతుంది, అక్షరాల సంకేతాలతో తెర మీద చూపుతుంది. వాటిని తేదీతో సహా దాచిపెట్టడం, పీహెచ్ కొలిచే సెన్సార్ చేర్చడం తయారీదారు తలచుకుంటే కాని పని కాదు. భారం వాళ్ళ మీద ఉంటే చేరుస్తారు, లేకపోతే ఆ రికార్డు లేకపోవడమే వాళ్ళకు లాభం. ఇప్పుడున్న ఏర్పాటులో సాక్ష్యం పుట్టించగలవాడికి పుట్టించాలన్న కోరిక లేదు, కోరిక ఉన్నవాడికి పుట్టించే స్తోమత లేదు.

ఇది గాల్లో కట్టిన మేడ కాదని ఐరోపా చూపుతుంది. 1999 నాటి ఐరోపా సమాఖ్య డైరెక్టివ్, కొన్న ఆరు నెలల్లోపు బయటపడిన లోపం అప్పగించిన రోజే ఉన్నట్టు లెక్కగట్టి, కాదని చూపే భారం అమ్మినవారి మీద పెట్టింది. దాని స్థానంలో వచ్చిన 2019 డైరెక్టివ్, 2022 జనవరి 1 నుంచి, ఆ ఆరు నెలలను ఏడాది చేసింది. సభ్యదేశాలు కావాలంటే రెండేళ్ళకు పెంచుకోవచ్చు, ఫ్రాన్స్ అంతకుముందే కొత్త వస్తువులకు రెండేళ్ళు పెట్టుకుంది. బ్రిటన్ 2015 చట్టంలో ఆరు నెలల నియమం నిలుపుకుంది. ఐరోపా న్యాయస్థానం 2015 జూన్‌లో నెదర్లాండ్స్‌లో కొన్న ఒక పాత కారు కేసులో ఈ నియమాన్ని ఇంకా తేటగా విప్పింది. ఆ కారు కొన్న కొద్ది నెలలకు దారిలో తగలబడింది, తరవాత తుక్కుగా పోయింది, ఏ నిపుణుడూ పరీక్షించడానికి మిగలలేదు. కొన్నవారు లోపం ఉందనీ, అది గడువులోపు బయటపడిందనీ చూపిస్తే చాలు, దానికి కారణమేమిటో చూపనక్కర్లేదని కోర్టు చెప్పింది. కారణం తరవాత ఎక్కడినుంచో వచ్చిందని చూపాల్సింది అమ్మినవారు. ఈ పద్ధతి రెండు దశాబ్దాలకు పైగా నడుస్తోంది. ఐరోపాలో హాట్ టబ్‌ల అమ్మకమేమీ మూతపడలేదు. ఈ బాధ్యత తయారీదారుది కాదు, దుకాణానిదన్నది కూడా గమనించాలి. కొన్నవారికి తెలిసిన తలుపు అదే, దూరపు కంపెనీని వెతుక్కునే పని దుకాణానిది.

భారతదేశం మధ్యలో ఆగిపోయింది. 2020 జులైలో అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొన్నవారికి తలుపు దగ్గర చేసింది. తాము ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు, చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. కానీ లోపలికి వెళ్ళాక పాత భారమే ఎదురవుతుంది. సేవలో లోపాన్ని రుజువు చెయ్యాల్సింది ఫిర్యాదుదారేనని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో చెప్పింది. వస్తువులో లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే వినియోగదారుల కమిషన్ నమూనాకు సీలు వేసి ప్రయోగశాలకు పంపాలి, ఆ పరీక్ష ఫీజు ఫిర్యాదుదారు చేత కట్టించవచ్చు. కొత్తగా చేరిన ఉత్పత్తి బాధ్యత అధ్యాయం ఆదుకుంటుందనుకుంటే, ఆ వస్తువుకే కలిగిన నష్టం అందులోని హాని నిర్వచనంలోకి రాదు. మన ఇళ్ళలో హాట్ టబ్‌లు అరుదే కానీ ప్రశ్న అరుదు కాదు. హైదరాబాదులో బోరు నీళ్ళు వాడే అపార్టుమెంట్లలో గీజర్ ఎలిమెంట్ మీద పేరుకునే గార అచ్చంగా ఇదే తగాదా తెస్తుంది: నీళ్ళ కాఠిన్యమా, ఎలిమెంట్ నాసిరకమా? కఠినజలం మామూలైన ఊళ్ళో అమ్మే గీజర్ కఠినజలానికి తట్టుకోవాలనడం అత్యాశ కాదు.

రుజువు భారం మార్చడం మీద మిగిలిన అభ్యంతరాలు ప్రీస్ట్ వాదనంత గట్టివి కావు. ధరలు పెరుగుతాయంటారు. పెరగవచ్చు. ఆ ఖర్చు ఇప్పుడు లేక కాదు, కంపెనీతో ఉత్తరాలు నడిపే ఓపిక లేని ఇళ్ళు దాన్ని మొత్తంగా మోస్తున్నాయి. అబద్ధపు క్లెయిములు వెల్లువెత్తుతాయంటారు. భారం కంపెనీ మీద పెట్టడమంటే కంపెనీ ఎప్పుడూ ఓడిపోవాలని కాదు. చాలా నష్టాలు తమ కారణాన్ని ఒంటి మీదే రాసుకుని ఉంటాయి. ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళ తొట్టి అడుగున పడి ఉంటే అక్రిలిక్ అది ఆనిన చోటే పాలిపోతుంది, తయారీలో అతుకు సరిగా పడని బొబ్బలు అలా ఒక్కచోట బిళ్ళ ఆకారంలో లేవవు. ఖాళీ తొట్టిని ఎండకు వదిలేస్తే ఎండ పడిన వైపే దెబ్బ తింటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపాను వచ్చి 45 లక్షలకు పైగా ఇళ్ళకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలోని తెలుగు కుటుంబాలు కూడా ఆ రోజులు చీకట్లోనే గడిపాయి. అలాంటప్పుడు తొట్టి పైపుల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలితే పగులు ఆకారమే సంగతి చెబుతుంది, దాన్ని తయారీ లోపమంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ నష్టం ఇంటి బీమాతో తేల్చుకోవలసింది. కారణం కనిపిస్తున్నచోట చూపించడం కంపెనీకి కష్టం కాదు. భారం బరువనిపించేది కారణం నిజంగా తెలియని చోటే. తెలియని నష్టం ఎవరో ఒకరు భరించక తప్పదు. వేల తొట్ల మీద దాన్ని పంచుకోగలిగినవారు భరిస్తే తక్కువ నొప్పి.

అమెరికాలో చట్టం మారేదాకా కొన్నవారు ఈ వంకర నేల మీదే నిలబడి మాట్లాడాలి. చేతికి అందే సాక్ష్యం చవకది, రోజువారీది. ధర 15 డాలర్లు దాటిన వస్తువుల వారంటీ కాగితాన్ని కొనకముందే చూపాలని ఫెడరల్ నియమం ఉంది కాబట్టి అడిగి చదవాలి. శీర్షికలో ఫుల్ ఉందో లిమిటెడ్ ఉందో, కూలీ ఎవరు భరిస్తారో, రిజిస్ట్రేషన్ షరతు ఉందో, ఇల్లు అమ్మితే హామీ కొత్తవారికి వెళ్తుందో అక్కడే తేలుతుంది. పెరట్లో తొట్టి ఉన్న పాత ఇల్లు కొంటున్నవారికి ఈ చివరిదే ముఖ్యం, లిమిటెడ్ వారంటీ మొదటి యజమానితోనే ఆగిపోయేలా రాసుకోవచ్చు. కొన్న తరవాత పీహెచ్ పట్టీని ముంచిన ప్రతిసారీ ఒక ఫోటో తీస్తే తేదీతో సహా ఫోనులో పడి ఉంటుంది. అంతకన్నా మంచి కాగితం ఒకటుంది: చాలామంది డీలర్లు నీళ్ళు తెచ్చి ఇస్తే పరీక్షించి ప్రింటు ఇస్తారు. అది వాళ్ళ యంత్రం చెప్పిన మాట, వాళ్ళే తరవాత కాదనడం కష్టం. లోపం కనిపించిన రోజే డీలర్‌కూ తయారీదారుకూ ఇద్దరికీ ఈమెయిల్ వెళ్ళాలి, 2-607 అడిగే నోటీసు అదే. ఇక చాలామంది పోగొట్టుకునేది పాత భాగాన్ని. టెక్నీషియన్ కొత్త హీటరు బిగించి పాతది తీసుకుపోతాడు, సాక్ష్యం దానితోపాటే బండెక్కుతుంది. బాగుచేసినందుకు డబ్బు అడుగుతున్నారంటే క్లెయిము కాదన్నట్టే, అప్పుడు పాత ఎలిమెంట్ ఇంట్లోనే ఉండాలి. వారంటీ కిందే మారుస్తుంటే తీసుకెళ్ళే ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలైనా తీసుకోవాలి.

క్లెయిము కాదన్నప్పుడు కారణం రాసి ఇమ్మనడం అన్నిటికన్నా పనికొచ్చే అడుగు. నీటి సమతుల్యం లేదు అన్న రెండు ముక్కలతో సరిపెట్టుకోకూడదు. ఏ కొలత, ఏ రోజు తీసినది, ఆ కొలత ఈ భాగాన్ని ఎలా పాడుచేసింది, ఆ భాగాన్ని ఎవరు పరీక్షించారు, ఆ నివేదిక ఏదీ అని అడగాలి. చట్టం భారం మార్చకపోయినా ఈ ప్రశ్నలు మాటల్లోనైనా భారాన్ని అవతలికి నెడతాయి. జవాబు రాకపోతే ఆ మౌనమే చిన్న కోర్టులో జడ్జి ముందు పెట్టే కాగితమవుతుంది. ఆ కోర్టుల పరిమితి రాష్ట్రానికో రకం: టెక్సస్ జస్టిస్ కోర్టులో 20,000 డాలర్ల దాకా, కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500 దాకా, న్యూజెర్సీ స్మాల్ క్లెయిమ్స్‌లో 5,000 దాకా. న్యూజెర్సీలో తొట్టి ధర మొత్తం అడగాలంటే స్పెషల్ సివిల్ విభాగానికి వెళ్ళాలి. టెక్సస్‌లో మోసపూరిత వ్యాపారాల చట్టం కింద దావా వేసేముందు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు అందాకే చాలా కంపెనీల గొంతు మారుతుందని నాకనిపిస్తుంది, ఎందుకంటే వారంటీని ఉల్లంఘించడం కూడా ఆ చట్టం కిందికి వస్తుంది, తెలిసి చేసినట్టు తేలితే పరిహారం మూడింతలదాకా పోతుంది. మధ్యవర్తిత్వ నిబంధన సంగతి వేరు. హామీ కాగితంలో కోర్టుకు వెళ్ళకూడదన్న షరతు చెల్లదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అంటుంది, టెక్సస్ మీద అధికారమున్న ఐదో సర్క్యూట్ కోర్టు 2002లో చెల్లుతుందంది.

అప్పు చేసి కొన్నవారికి ఇంకో దారి ఉంది, అది చాలామందికి తెలియదు. దుకాణం తానే ఏర్పాటు చేసిన వాయిదాల ఒప్పందంలో, కొన్నవారు అమ్మినవారి మీద పెట్టగల ఫిర్యాదులన్నీ అప్పును చేజిక్కించుకున్న సంస్థ మీద కూడా పెట్టవచ్చన్న నోటీసు ఉండాలని 1976 నుంచి ఫెడరల్ నియమం ఉంది. డీలర్ దుకాణం మూసేసినా ఆ హక్కు బతికే ఉంటుంది, అప్పటిదాకా కట్టిన సొమ్ము మేరకు వాపసు అడగవచ్చు, మిగిలిన వాయిదాలకు ఎదురు చెప్పవచ్చు. క్రెడిట్ కార్డు మీద కొన్నదానికి ఆ నియమం వర్తించదు, దానికి వేరే చట్టం ఉంది. 50 డాలర్లు దాటిన కొనుగోలు, సొంత రాష్ట్రంలోనో ఇంటికి 100 మైళ్ళలోపో జరిగి ఉండాలి, ముందు అమ్మినవారితో సర్దుకోవడానికి నిజాయితీగా ప్రయత్నించి ఉండాలి, ఇంకా కట్టని బాకీ మేరకే అభ్యంతరం పెట్టగలరు. కాబట్టి హీటరు పోయిన నెలలోనే ఆ కార్డు బాకీ మొత్తం కట్టేయడం తొందరపాటవుతుంది.